టర్బో కారు: ఒత్తిడికి పగ్గము

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసిన తరువాత మాట్లాడవలసి వచ్చినవానికి ఒక ఇబ్బంది ఉన్నది. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఇక వక్త మాటలు వినవలసిన అవసరము సభవారికి కనిపించదు. అయినప్పటికీ ఈ ఏడు మన కార్యదర్శిగారు మాకొక కొత్త పని అప్పగించినారు. "నూలు ధరల మీద, పిల్లల చదువుల మీద ఏటేటా వింటూనే ఉన్నాము. ఈసారి మన కుర్రవాండ్ల కార్ల సంగతి చెప్పండి" అన్నారు. ఈ పని మాకే ఎందుకు అప్పగించినారో మాకు తెలుసు. కారణము ముందుముందు మీకూ తెలుస్తుంది.

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి మన పెద్దలు భివండికి వచ్చిన కాలములో సైకిలు ఉన్నవాడు గొప్పవాడు. ఇప్పుడు పద్మనగరు, కామత్‌ఘర్ సందులలో కార్లు నిలపడానికి జాగా లేదు. అందులోనూ మన యువకులు మామూలు కారుతో తృప్తిపడరు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, 2015లో వచ్చిన అబార్త్ పుంటో, 2017లో వచ్చిన బాలెనో ఆర్ఎస్, 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్, ఇటువంటి టర్బో కార్ల పేర్లు వారికి కంఠతా వచ్చును. కొత్తవి కొనలేనివారు పాతవి వెతికి కొంటారు. కొన్న మూడవ నెలలో మా వంటివారి దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న వేస్తారు: "బూస్టు పెంచాలంటే ఏ కంట్రోలరు మంచిది?"

ఆ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగము. అయితే మొదట ఆ ప్రశ్ననే కొద్దిగా సరిచేయవలెను. ఏ కంట్రోలరు మంచిది అని అడగడానికి ముందు, పగ్గము పట్టుకొన్నవానికి ఏమేమి తెలుసు అని అడగవలెను. పట్టుకొన్నవాడు చెయ్యి జారవిడిస్తే బండి ఏమవుతుంది అని కూడ అడగవలెను. ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత ఎంపిక తనంతట తానే తేలుతుంది.

టర్బో అంటే ఏమిటో తల్లులకు, అక్కలకు కూడ తెలియాలి. ఆ కారులో కూర్చొని ఊరికి పోయేది వారే కదా. ఇంజను పెట్రోలును మండించిన తరువాత వేడి పొగను బయటకు తోసివేస్తుంది. ఆ పొగలో ఇంకా చాల బలము ఉంటుంది. ఆ బలముతో ఒక చిన్న చక్రమును తిప్పి, అదే ఇరుసు మీద రెండవ కొనకు ఉన్న మరొక చక్రముతో బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపుతారు. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చును, బలము ఎక్కువ వస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకొన్నారు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు విమానపు ఇంజనుకు టర్బో బిగించి, పైక్స్ పీక్ అనే 14,000 అడుగుల కొండ మీదికి తీసుకొనిపోయి, గాలి పలుచగా ఉన్నచోట కూడ ఇంజను బలము తగ్గకుండ నడపవచ్చునని చూపినారు.

ఇలా ఒత్తి పంపిన గాలి, బయటి గాలి కంటె ఎంత ఎక్కువ ఒత్తిడితో ఉన్నదో దానినే బూస్టు అంటారు. ఎంత ఉంటుందో తెలియాలంటే వంట ఇంటిలోకి పోదాము. ప్రెషర్ కుక్కరు మీది బరువు, లోపలి ఒత్తిడి బయటి గాలికంటె సుమారు 1 బార్ ఎక్కువ కాగానే లేచి ఈల వేస్తుంది. మన టర్బో పెట్రోలు కార్ల బూస్టు కూడ సుమారుగా ఆ లెక్కలోనే ఉంటుంది, కొన్నిటిలో కొంత తక్కువ, కొన్నిటిలో కొంత ఎక్కువ. కుక్కరు మీద రెండవ బరువు పెట్టి పప్పు తొందరగా ఉడికించాలని ఏ ఇల్లాలూ అనుకోదు. మన కుర్రవాండ్లు కారు విషయములో అడిగేది సరిగ్గా అదే.

ఒత్తిన గాలితో చిక్కేమిటంటే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఈ సంగతి తెలుసు. 35 డిగ్రీల ఎండలో గాలిని తీసుకొని, 1 బార్ బూస్టు దాకా ఒత్తితే, నూటికి 70 పాళ్ల సామర్థ్యము గల కంప్రెసరులో కూడ అది సుమారు 130 డిగ్రీలకు చేరుతుందని లెక్క వేయవచ్చును. అందుకే ఇంటర్‌కూలరు అనే జల్లెడ వంటి పలకలో దానిని చల్లబరచి లోపలికి పంపుతారు. గాలి మరీ వేడిగా, మరీ ఒత్తిడిగా పోతే సిలిండరులోని మిశ్రమము ప్లగ్గు రవ్వతో మొదలై క్రమముగా మండక, ఒక మూల తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే మెకానిక్కులు నాకింగు అంటారు. చెవికి గిన్నెలో గోలీలు వేసి ఊపినట్లుంటుంది. ఆ దెబ్బలు పిస్టను తల మీద పడతవి. కొంచెమైతే ఇంజను ఓర్చుకొంటుంది, ఎక్కువైతే పిస్టను అంచులు విరుగుతవి, కరుగుతవి.

కాబట్టి బూస్టుకు ఒక హద్దు కావాలి. హద్దు లేకపోతే ఏమవుతుంది? పొగ ఎక్కువైతే చక్రము వేగము పెరుగుతుంది, చక్రము పెరిగితే గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే పొగ ఇంకా పెరుగుతుంది. చిన్న టర్బో చక్రము మామూలుగానే నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. దాని దారిన దానిని వదిలితే ఎక్కడ ఆగుతుందో చెప్పలేము.

ఆ హద్దును మన ఊరి చెరువు చక్కగా చెబుతుంది. చెరువు నిండితే కట్ట తెగకుండ మత్తడి కడతారు. నీరు ఆ ఎత్తుకు రాగానే మత్తడి దుంకుతుంది, కట్ట నిలుస్తుంది. టర్బోకు కూడ అటువంటి మత్తడి ఉన్నది, దాని పేరు వేస్ట్‌గేటు. అది చక్రానికి పోయే పొగ దారిలో ఒక చిన్న తలుపు. అది తెరుచుకొంటే కొంత పొగ చక్రమును తాకకుండ పక్కదారిన పోతుంది, చక్రము నెమ్మదిస్తుంది. ఆ తలుపును తెరిచేది ఒక చిన్న రేకు డబ్బా. డబ్బాలో రబ్బరు పొర, దాని వెనుక ఒక స్ప్రింగు, ముందు ఒక కడ్డీ. టర్బో నుండి ఒక సన్నని గొట్టము బూస్టు కబురును డబ్బాకు మోసుకొస్తుంది. బూస్టు స్ప్రింగు బలమును మించగానే కడ్డీ కదులుతుంది, తలుపు తెరుచుకొంటుంది. అన్ని రకాల కంట్రోలర్ల కథ ఈ గొట్టము దగ్గరే మొదలవుతుంది.

ఇక రకాలు చూద్దాము.

మొదటిది, ఉన్న స్ప్రింగునే నమ్ముకోవడము. స్ప్రింగు ఎంత చెబితే అంత బూస్టు. దీనిలో చెడిపోవడానికి ఏమీ లేదు. కడ్డీని కొద్దిగా బిగించి, లేక గట్టి స్ప్రింగు వేసి హద్దు పెంచవచ్చును. కాని తలుపు ఒక్కసారిగా తెరుచుకోదు. హద్దు రాకముందే సందు ఇచ్చి పొగను వదులుతూ ఉంటుంది. అందుచేత బూస్టు నెమ్మదిగా ఎక్కుతుంది. స్ప్రింగు గురించి మరచిపోరాని మాట ఒకటి ఉన్నది. ఈ విధమైన డబ్బాకు ఏ కంట్రోలరు తగిలించినా, బూస్టు హద్దును స్ప్రింగు కంటె కిందికి దింపలేదు, పైకి మాత్రమే పెంచగలదు. అన్నీ చెడిపోయినప్పుడు మిగిలేది స్ప్రింగే. కనుక ఇంజను భయము లేకుండ మోయగల బూస్టుకే స్ప్రింగును ఎంచుకోవలెను.

రెండవది, గాలి కార్చే మర. కబురు గొట్టములో ఒక చిల్లి పెట్టి, కొంత గాలిని బయటకు వదులుతారు. డబ్బాకు నిజమైన ఒత్తిడి అందదు. బూస్టు 0.8 బార్ ఉన్నా దానికి 0.5 అనే వినబడుతుంది. తలుపు ఆలస్యముగా తెరుచుకొంటుంది. అంటే కాపలావానికి అబద్ధపు కబురు పంపడము.

మూడవది, గుండు, స్ప్రింగు ఉన్న మర. గొట్టము మధ్యలో ఒక చిన్న గుండును స్ప్రింగు అదిమి ఉంచుతుంది. మనము మరతో పెట్టిన ఒత్తిడి వచ్చేదాకా డబ్బాకు ఏ కబురూ పోదు, తలుపు గట్టిగా మూసి ఉంటుంది, బూస్టు చురుకుగా ఎక్కుతుంది. ఖర్చు తక్కువ, బిగించడము తేలిక, ఫలము వెంటనే కనిపిస్తుంది. మన కుర్రవాండ్లను ఆకర్షించేది ఇదే. దీనిని నిందించము, చేయవలసిన పని ఇది చేస్తుంది. కాని దీనికి ఒక్క సంగతే తెలుసు, ఒత్తిడి. ఎండాకాలమా చలికాలమా, పెట్రోలు మంచిదా కాదా, ఇంజను నాకింగు చేస్తున్నదా, బండి మొదటి గేరులో ఉన్నదా నాలుగవ గేరులో ఉన్నదా, ఇవి ఏవీ దానికి తెలియవు. మీరు జనవరి ఉదయము పెట్టిన మరను అది మే మధ్యాహ్నము కూడ విశ్వాసముగా పాటిస్తుంది.

నాలుగవది, విద్యుత్తుతో నడిచే సోలినాయిడు మర. కంప్యూటరు పెట్టె దీనిని సెకనుకు పదుల సార్లు తెరిచి మూస్తుంది. ఎంతసేపు తెరిచి ఉంచితే డబ్బాకు అంత కబురు. ఆ పెట్టెకు ఒత్తిడి కొలిచే కన్ను ఉన్నది, గాలి వేడిమి కొలిచే చెయ్యి ఉన్నది, ఇంజను గోడకు ఆనించిన నాకు సెన్సరు అనే చెవి ఉన్నది. కోరిన బూస్టుకు, వచ్చిన బూస్టుకు తేడా చూసుకొంటూ అది క్షణక్షణము సరిచేస్తుంది. వానలో మొదటి గేరులో చక్రాలు జారకుండ బూస్టు తగ్గించగలదు, పై గేర్లలో పెంచగలదు. గొట్టములు సరిగా కలిపి ఉంటే, తీగ తెగినా, సోలినాయిడు ఆగినా బూస్టు స్ప్రింగు హద్దుకు దిగిపోతుంది. బండి నీరసిస్తుంది గాని నాశనము కాదు.

ఐదవది, డబ్బాయే లేకుండ చిన్న విద్యుత్ మోటారుతో తలుపును నడపడము. ఈనాటి కార్లు చాలావాటిలో ఇదే వస్తున్నది. డీజిలు బండ్లలో తలుపు బదులు చక్రము చుట్టూ కదిలే రెక్కలు పెట్టి పొగ దారినే సన్నము, వెడల్పు చేస్తారు. మాన్‌కోలి నాకా దగ్గర గోదాముల ముందు నిలిచే కొత్త లారీలలో కూడ ఇటువంటివి కనిపిస్తవి. పెట్రోలు కారులో ఆ రెక్కలను పోర్షే 2006లో 911 టర్బోకు తెచ్చినది. వీటిలో చేతితో తిప్పే మరకు చోటే లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని బండ్లలో బూస్టు పెరగడము కంట్రోలరు తప్పు కాదు. మత్తడి ఇరుకైతే నీరు దుంకుతున్నా చెరువు మట్టము పెరుగుతూనే ఉంటుంది కదా. అదే విధముగా తలుపు చిన్నదైతే, పూర్తిగా తెరిచినా పొగ అంతా పోలేక బూస్టు పాకుతూ పెరుగుతుంది. పొగ గొట్టము వెడల్పు చేయించిన బండ్లలో ఇది తరచు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన కంట్రోలరు కూడ దీనిని ఆపలేదు, తలుపునే సరిచేయవలెను. క్షణకాలము హద్దు దాటి వెంటనే దిగిపోవడము వేరు. అది మర ఆలస్యము, సరిదిద్దవచ్చును. గేజి చూడకుండ ఈ రెండింటికీ తేడా చెప్పలేము.

ఈ ఎంపిక మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. 1962లో అమెరికాలో ఒకే ఏడాది రెండు టర్బో కార్లు అమ్మకానికి వచ్చినవి. షెవ్రొలే వారి కార్వేర్ మోంజా స్పైడర్‌లో వేస్ట్‌గేటు అనేదే పెట్టలేదు. పొగ గొట్టములో ఉన్న అడ్డునే హద్దుగా వాడినారు. ఓల్డ్స్‌మొబైల్ వారి జెట్‌ఫైర్‌లో వేస్ట్‌గేటు పెట్టినారు. అది చాలదని నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవమును ఇంజనులోకి చల్లి నాకింగును ఆపినారు. ద్రవము అయిపోతే బూస్టు తగ్గించే ఏర్పాటు కూడ చేసినారు. ఏర్పాటు తెలివైనదే. కాని యజమానులు ద్రవము పోయడము మరచినారు, బండికి బలము లేదని విసుక్కొన్నారు, చివరకు చాల బండ్లకు టర్బోను విప్పివేసి మామూలు కార్బ్యురేటరు బిగించినారు. మనిషి ప్రతి వారము జ్ఞాపకము పెట్టుకొంటేనే నిలిచే కాపలా ఎక్కువ కాలము నిలవదని దీనినిబట్టి తెలుస్తున్నది.

స్వీడనులో సాబ్ కంపెనీ 1980ల ఆరంభములో వేరు దారి పట్టినది. ఇంజనుకు ఒక చెవి పెట్టి, నాకింగు వినబడగానే సోలినాయిడుతో బూస్టు తగ్గించినది. పెట్రోలు మంచిదైతే బూస్టు ఎక్కువ, నాసిదైతే తక్కువ, నిర్ణయము ఇంజనుదే. ఈనాటి మన కార్లన్నీ ఆ దారినే నడుస్తున్నవి. పందెముల లోకములో కూడ పగ్గము అవసరమైనది. ఫార్ములా వన్‌లో 1980ల నడుమ 1.5 లీటర్ల టర్బో ఇంజన్లు వెయ్యి గుర్రాల బలము దాటినవి. అప్పుడు నియమకర్తలు 1987లో ప్రతి ఇంజనుకు 4 బార్ దగ్గర తెరుచుకొనే మర పెట్టించినారు, 1988లో దానిని 2.5కు దించినారు, 1989లో టర్బోనే నిషేధించినారు. 2014లో టర్బో తిరిగి వచ్చినప్పుడు గాలిని వదిలి ఇంధనమునకే హద్దు పెట్టినారు, గంటకు 100 కిలోలు. ప్రపంచములోని మేటి ఇంజనీర్లకే హద్దు కావలసి వచ్చినప్పుడు కల్యాణ్ రోడ్డు మీద మనకు అక్కరలేదా?

ఇప్పుడు కార్యదర్శిగారు మమ్ములను ఎందుకు పిలిచినారో చెబుతాము.

రెండేండ్ల క్రితము మా మేనల్లుడు ఒక పాత టర్బో పెట్రోలు కారు కొన్నాడు. రాత్రి పాళీ పనిచేసి కూడబెట్టిన డబ్బు అది. కొన్న కొద్ది రోజులకే గుండు మర ఒకటి తెచ్చి బిగించినాడు. మొదటి రోజే బండి గతుకు పడి బలము కోల్పోయినది. ఎందుకనగా బండి కంప్యూటరు తాను కోరినదానికంటె ఎక్కువ బూస్టు చూసి, ఏదో తప్పు జరిగినదని ఇంధనము ఆపివేసినది. అది దాని ధర్మము. వాడు ఎవరి దగ్గరకో పోయి ఆ కాపలాను కంప్యూటరులో నుండి తీయించివేసినాడు. అప్పుడు బండి ఎగిరినది. "ఏం కాదు మామా, పదిహేను నిమిషాల పని" అని మాకు బానెట్టు ఎత్తి చూపినాడు. కబురు గొట్టము బదులు గాజుతొట్టిలో చేపలకు గాలి పంపే మెత్తని గొట్టము పెట్టి ఉన్నది. మేము చూసినాము. వాని ఉత్సాహము చూసి ఏమీ అనలేకపోయినాము. ఆ తప్పు మాది.

బతుకమ్మ పండుగకు అందరూ ఊరికి బయలుదేరినారు. దారి మీకు తెలిసినదే, కల్యాణు, మాల్‌శేజ్ ఘాటు, అహ్మద్‌నగర్ (నేటి అహల్యానగరము), పర్భణి, నాందేడుల మీదుగా నిర్మల్ చేరే 61వ నంబరు జాతీయ రహదారి. బండిలో మా అక్క, కోడలు, ఇద్దరు పిల్లలు. రాత్రి పదకొండు గంటలకు ఘాటు ఎక్కుతున్నారు. ఘాటు ఎక్కడమంటే నిమిషాల తరబడి నిండు బూస్టు, నిండు వేడి. ఆ వేడికి చేపల గొట్టము మెత్తబడి ఊడిపోయినది. డబ్బాకు ఇక ఏ కబురూ లేదు, తలుపు తెరుచుకోలేదు. బండి ఒక్కసారి లేచి పరుగెత్తినది. వాడు సంతోషించినాడట. మరి కొద్ది క్షణాలకు గోలీల చప్పుడు, ఆ తరువాత నీలి పొగ, ఆ తరువాత నిశ్శబ్దము. మలుపులో బండి నిలిచిపోయినది. వెనుక లారీలు వస్తున్నవి.

ఒక లారీ డ్రైవరు దిగి, చెట్టు కొమ్మలు విరిచి, రాళ్లు పేర్చి, వెనుక వచ్చేవారికి గుర్తు పెట్టినాడు. పిల్లలను గోడ అవతలికి నడిపించి కూర్చోబెట్టినాడు. ఆయన పేరు కూడ మనవారు అడగలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇంజను విప్పితే రెండు పిస్టన్ల అంచులు విరిగి ఉన్నవి. రెండేండ్ల పొదుపు పోయినది. మా అక్క ఆ బండి ఎక్కడము మానివేసినది. మా మేనల్లుడు ఈ సభలోనే ఉన్నాడు, ఈ కథ చెప్పుమని తానే అన్నాడు.

సోదరులారా, ఈ కథలో నేరము గుండు మరది కాదు. గొట్టము ఊడడము ఎవరి బండిలోనైన జరగవచ్చును. కంపెనీ బండిలో ఊడితే కాపలా ఇంధనము ఆపి ఇంజనును కాపాడి ఉండేది. మనము ముందు కాపలాను పంపివేసినాము, తరువాత తలుపు తాళము పోగొట్టుకొన్నాము.

సాంచెల మీద బ్రతికే మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పవలెనా? పేక తెగితే సాంచెను ఆపడానికి ఫోర్కు ఉన్నది. నాడె పడుగు మధ్య చిక్కితే పోగులు తెగకుండ ఆపే ఏర్పాటు ఉన్నది. మాటిమాటికి ఆగుతున్నదని విసిగి ఫోర్కును దారముతో కట్టి నడిపేవారిని మనము చూడలేదా? గంటసేపు మీటర్లు బాగానే లేస్తవి. గుడ్డ విప్పి చూసినప్పుడు పేక తప్పిన చారలు కనిపిస్తవి, ఆ రోజు కూలి పోతుంది. మోటారు పుల్లీ మార్చి వేగము పెంచవచ్చును, తప్పు లేదు. కాని నూలు ఎంత ఓర్చునో చూసుకొని, ఫోర్కును ఉండనిచ్చి పెంచవలెను. నైపుణ్యముగల జాబరు వేగము పెంచే ముందు ఫోర్కు పనిచేస్తున్నదా అని చూస్తాడు. కారుకూ అదే న్యాయము.

కనుక మా సలహా ఇది.

మీ బండికి కంపెనీ కంప్యూటరే బూస్టును నడుపుతూ ఉంటే, దాని మధ్యలో చేతి మర పెట్టవద్దు. ఇద్దరు సారథులు ఒక పగ్గమును రెండు వైపులా లాగినట్లవుతుంది. బలము పెంచాలని అంత పట్టుదల ఉంటే, ఆ కంప్యూటరు లెక్కలనే తెలిసినవానితో మార్పించవలెను. వానిని మూడు ప్రశ్నలు అడగండి: నాకింగు చెవిని ఉంచుతావా? అతి బూస్టు కాపలాను ఉంచుతావా? మార్చిన తరువాత బండిని నడిపి, కొలతలు వ్రాసి చూపుతావా? మూడింటిలో ఒక్కదానికి తడబడినా మీ తాళముచెవి వెనక్కు తీసుకోండి.

కంప్యూటరు బూస్టును పట్టించుకోని పాత పద్ధతి బండి అయి, దానిని పందెపు ట్రాకు మీదనే నడిపేవారైతే గుండు మర చాలును. కాని ముందు గేజి, తరువాత మర. ఉన్న బూస్టు ఎంతో వ్రాసుకొని, 0.1 బార్ కంటె ఎక్కువ మెట్టు వేయక, ప్రతి మెట్టు దగ్గర ఇంధనము సరిపోతున్నదా, చప్పుడు వస్తున్నదా, ప్లగ్గులు ఎట్లా ఉన్నవో చూడవలెను. గొట్టములు వేడికి ఓర్చేవి కావలెను, ప్రతి కొనకు క్లిప్పు ఉండవలెను. గేర్లనుబట్టి, వేడినిబట్టి బూస్టు మారాలని కోరేవారు సోలినాయిడుతో నడిచే పెట్టె కొనవలెను. దానిలో అతి బూస్టు హద్దు పెట్టే ఏర్పాటు లేకపోతే అది ఖరీదైన గుండు మరే.

పెట్రోలు గురించి ఒక మాట. ఎక్కువ ఆక్టేను ఉన్న పెట్రోలు నాకింగుకు ఓర్పు ఇస్తుంది. ఇండియన్ ఆయిల్ వారు 2020 డిసెంబరులో 100 ఆక్టేను పెట్రోలును కూడ తెచ్చినారు. కాని ఆ పెట్రోలుకు సరిపడ బూస్టు పెట్టుకొని, ఊరి దారిలో అది దొరకని బంకు దగ్గర మామూలు పెట్రోలు పోసుకొంటే, చెవి లేని మరకు ఆ తేడా తెలియదు.

చట్టము మాట కూడ చెప్పకుండ ఉండలేము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పుస్తకములోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. మార్పు చెప్పకుండ ఉంచితే ప్రమాదము నాడు బీమావారు వాదన పెట్టడానికి దారి ఇచ్చినవారమవుతాము. వేగము చూడాలనే కోరిక తప్పు కాదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను దానికని కట్టిన ట్రాకులు ఉన్నవి. నాసిక్ రోడ్డు మీద లారీల మధ్య దానికి చోటు లేదు.

పెద్దలకు ఒక మనవి. పిల్లలు బానెట్టు ఎత్తి చూపినప్పుడు మాకు ఈ యంత్రాలు తెలియవని తప్పుకోవద్దు. మీకు సాంచె తెలుసు, సైజింగు బాయిలరు సేఫ్టీ వాల్వు తెలుసు, చెరువు మత్తడి తెలుసు. ఒక్కటి అడగండి: "ఇది తెగితే బండి ఆగుతుందా, పరుగెత్తుతుందా?" జవాబు వాని ముఖములోనే కనిపిస్తుంది. మేము ఆనాడు అడగలేదు.

ఉదయము పంచాంగములో ఆదాయము ఒక్కటే చదివి ఊరుకోలేదు, పక్కనే వ్యయము కూడ చదివినారు. బూస్టుకూ రెండంకెలు ఉన్నవి. మొదటిది గుర్రాల బలము, అది అందరూ చదువుతారు. రెండవది వేడి, దానిని కూడ చదవగలిగే పగ్గమునే ఎంచుకోండి.

సభ ముగిసిన తరువాత భోజనాలు ఉన్నవి. భోజనము కాగానే కార్లు తెచ్చినవారు బయట బానెట్లు ఎత్తి పెట్టండి. మేము, మా మేనల్లుడు వచ్చి గొట్టములైన చూసిపోతాము. సెలవు.